ఒకే కోయాక్స్‌కు రెండు పొడవులు: 2 మీటర్ల బ్యాండ్ యాంటెన్నా డైరీ

ఈ వేసవికి పెట్టుకున్న పని ఇది. 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న మన 2 మీటర్ల బ్యాండ్‌కు, బజార్లో దొరికే కోయాక్స్ కేబుల్‌తోనే (మధ్యలో తీగ, దాని చుట్టూ ప్లాస్టిక్, ఆపైన బ్రెయిడ్ అనే లోహపు అల్లిక, పైన తొడుగు) నిలువు యాంటెన్నాలు కట్టాలి. అల్యూమినియం రాడ్లు, లేత్ పని, వెల్డింగు ఏవీ ఉండకూడదు. కత్తి, టేపు, సోల్డరింగ్ ఐరన్ ఉన్న ఎవరైనా ఇంట్లో చేసుకోగలగాలి. మా కాలనీలో ఇద్దరు ఇంజనీరింగ్ కుర్రాళ్లు హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు పరీక్షకు చదువుతున్నారు. లైసెన్సు చేతికొచ్చేసరికి వాళ్ల డాబాల మీద వాళ్లు కట్టుకున్న యాంటెన్నా నిలబడి ఉండాలని నా కోరిక. హ్యాండ్‌సెట్టుకు వచ్చే జానెడు రబ్బరు యాంటెన్నాతో నాలుగ్గోడల మధ్య కూర్చుంటే దగ్గర్లోని రిపీటర్ (అందిన సిగ్నల్‌ను మళ్లీ ప్రసారం చేసే స్టేషన్) తప్ప ఏదీ వినపడదు. కొత్తవాళ్లలో చాలామందికి ఈ హాబీ మీద మోజు అక్కడే చల్లారిపోవడం చూశాను.

మే, మొదటి శనివారం. కోఠి

గుజరాతీ గల్లీకి వెళ్లి ఆర్‌జీ-58 కేబుల్ తెచ్చాను. ఈ పేరుతో అమ్మే ప్రతి కేబులూ ఒకటి కాదు. కొనేముందు అంగుళం ముక్క ఒలిచి చూపించమని అడగండి, మంచి షాపువాళ్లు కాదనరు. అసలైన ఆర్‌జీ-58 సీ/యూలో బ్రెయిడ్ తగరం పూత వేసిన రాగి తీగల అల్లిక. లోపలి ప్లాస్టిక్‌ను దాదాపు పూర్తిగా కప్పేస్తుంది. చవక రకంలో అల్లిక ఎంత పలచగా ఉంటుందంటే, తెల్ల పాలిథీన్ ఆ సందుల్లోంచి గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. జేబులో చిన్న అయస్కాంతం కూడా పెట్టుకెళ్లాను. మధ్య తీగ దానికి అంటుకుంటే అది రాగి పూసిన ఉక్కు. సిగ్నల్‌కు పెద్ద తేడా రాదు కానీ, నాలుగుసార్లు వంచితే పుటుక్కున విరిగిపోతుంది. కాయిల్ చుట్టే పనికి అది పనికిరాదు.

టీవీ డిష్‌కు వాడే ఆర్‌జీ-6 కూడా కొంత తీసుకున్నాను. అది 75 ఓమ్‌ల కేబుల్, లోపల నురగలాంటి ఫోమ్ ఉంటుంది. చవక, ఎక్కడైనా దొరుకుతుంది. అయితే దాని బ్రెయిడ్ అల్యూమినియం కాబట్టి మామూలు సోల్డర్ అంటుకోదు. ఈ సంగతి తర్వాత మళ్లీ వస్తుంది.

ఆదివారం. కోయకముందు కొలత

కుర్రాళ్లిద్దరూ నోట్‌బుక్కులతో వచ్చారు. చిన్నవాడు రాగానే, "సార్, కేబుల్ వెలాసిటీ ఫ్యాక్టర్ 0.66 కదా, మరి యాంటెన్నా పొడవును కూడా 0.66తో గుణించాలా?" అన్నాడు. కేబుల్‌లో తరంగం వేగం కాంతి వేగంలో ఎన్నో వంతో చెప్పే అంకే వెలాసిటీ ఫ్యాక్టర్. ఈ ప్రాజెక్టు మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. జవాబు నోటితో చెప్పకుండా నానోవీఎన్ఏ (కేబుల్, యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎలా స్పందిస్తాయో కొలిచే చిన్న పరికరం) తీశాను.

ఆర్‌జీ-58 సరిగ్గా 1 మీటరు కోసి, ఒక కొస తెరిచి ఉంచి, రెండో కొస వీఎన్ఏకు కలిపాం. తెరిచిన కేబుల్ పావు తరంగం పొడవున్న ఫ్రీక్వెన్సీ దగ్గర, వీఎన్ఏ వైపు కొసన షార్ట్ అయినట్టు కనిపిస్తుంది. వీఎన్ఏ తెర మీద స్మిత్ చార్ట్ అనే గుండ్రటి పటంలో చుక్క ఎడమ అంచుకు చేరిన చోట చదివితే 49.6 మెగాహెర్ట్జ్. గాలిలో అయితే 1 మీటరుకు అది 75 దగ్గర రావాలి. భాగిస్తే 0.66. పుస్తకంలో రాసిన అంకె బల్ల మీద కనిపించేసరికి కుర్రాళ్ల మొహాలు వెలిగిపోయాయి. అదే పరీక్ష ఆర్‌జీ-6 మీద చేస్తే 61.5, అంటే 0.82.

ఇప్పుడు అదే ఆర్‌జీ-58 ముక్కకు రెండు కొసల్లోనూ మధ్య తీగనూ బ్రెయిడ్‌నూ కలిపేసి, ఒకే లావు తీగలా నిలబెట్టి, కింద నాలుగు రేడియల్ తీగలు పరిచాం. ఈసారి రెజొనెన్స్, అంటే యాంటెన్నా సహజంగా పలికే ఫ్రీక్వెన్సీ, 71 దగ్గర వచ్చింది. ముక్క మారలేదు, పొడవు మారలేదు. లోపల నడిచే తరంగానికి వేగం 0.66, బయట నడిచేదానికి సుమారు 0.95. లోపలి తరంగం పాలిథీన్‌లో ఈదుతుంది కాబట్టి నెమ్మదిస్తుంది. బయటిదాని చుట్టూ ఉన్నది గాలి, పలచని పీవీసీ తొడుగు, అంతే.

మరి ఒకే బ్రెయిడ్ మీద రెండు తరంగాలు కలిసిపోవా అని పెద్దవాడు అడిగాడు. కలవవు. 145 మెగాహెర్ట్జ్ దగ్గర కరెంటు రాగిలోకి దిగే లోతు సుమారు 5.5 మైక్రాన్లు. బ్రెయిడ్ మందం దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి బ్రెయిడ్ లోపలి ముఖం ఒక కండక్టరు, బయటి ముఖం ఇంకో కండక్టరు. పేరుకు రెండు తీగల కేబుల్ అయినా రేడియో లెక్కలో దానికి మూడు కండక్టర్లు. కోయాక్స్‌తో కట్టే యాంటెన్నాలన్నీ ఈ మూడో కండక్టరును ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అనే లెక్క మీదే నడుస్తాయి.

ఆ మరుసటి వారం. ఫ్లవర్‌పాట్

మొదట కట్టింది ఆస్ట్రేలియా హ్యాములు ఫ్లవర్‌పాట్ అని పిలుచుకునే రకం. దీంట్లో ఒక్క సోల్డర్ అతుకు కూడా లేదు, అందుకే కొత్తవాళ్లకు ముందుగా ఇదే చెబుతాను. కేబుల్ కొసన దాదాపు అరమీటరు మేర పై తొడుగు, బ్రెయిడ్ తీసేస్తే మిగిలే మధ్య తీగ పై సగం. దాని కింద బ్రెయిడ్ ఉన్న కేబుల్ బయటి ముఖం కింది సగం. ఆ తర్వాత అదే కేబుల్‌ను పైపు మీద గట్టిగా చుట్టిన కాయిల్ చోక్. బయటి ముఖం మీది కరెంటుకు అక్కడ దారి మూసుకుపోతుంది. లోపలి ముఖం మీద వచ్చే మన సిగ్నల్‌కు ఆ చుట్లు ఉన్నట్టే తెలియదు, అది మామూలుగా పైకి వెళ్లిపోతుంది.

పైపు 25 మిల్లీమీటర్ల కరెంటు కాండ్యూట్, ఐవరీ రంగుది. కరెంటు పైపుకు 25 అంటే బయటి కొలత. నీళ్ల యూపీవీసీ పైపులో ముప్పావు అంగుళం అంటే బయట 26.7 వస్తుంది, సీపీవీసీలో అదే ముప్పావు 22.2. కాయిల్ వ్యాసం మారితే చోక్ మారిపోతుంది కాబట్టి షాపులో కాలిపర్‌తో చూసుకోవడం మేలు. నల్ల పైపులు నేను వాడను. ఆ నలుపు కోసం కలిపే కార్బన్ మంచిది కాదు. అనుమానముంటే చిన్న ముక్కను, పక్కనే ఒక కప్పు నీళ్లతో సహా, మైక్రోవేవ్ ఓవెన్‌లో అర నిమిషం పెట్టి చూడండి. ముక్క వేడెక్కితే వదిలేయండి.

బ్రెయిడ్ తీసే దగ్గర తొందర వద్దు. ముందు కత్తితో తొడుగు చుట్టూ గీత పెట్టి, మధ్యలో నిలువుగా చీరి, ఒలిచేశాం. తర్వాత బ్రెయిడ్‌ను కొస నుంచి గీత వైపు రెండు వేళ్లతో నెట్టితే అది ఉబ్బి వదులవుతుంది. అప్పుడు చిన్న కత్తెరతో చుట్టూ కోయాలి. కత్తితో కోస్తే కింద పాలిథీన్ మీద గాటు పడుతుంది. కోసిన అంచున వెంట్రుకలంత తీగలు పైకి లేచి నిలబడతాయి. వాటిని ఒక్కొక్కటే కత్తిరించి, పైన హీట్ ష్రింక్ స్లీవ్ ఎక్కించాం. పెద్దవాడు ఈ పని భూతద్దం పెట్టుకుని చేశాడు. అంత ఓపికగా చేసిన జాయింటు వానకు కూడా చెక్కుచెదరదని నా నమ్మకం.

పై సగం 48.5 సెంటీమీటర్లు, కింది సగం 44.7 పెట్టుకుని మొదలుపెట్టాం. గాలిలో పావు తరంగం 51.7. పైపు బయట వేలాడదీసి చూస్తే 143 దాటింది, పైపులో పెట్టగానే 140.6కి దిగింది. ఆ పలచటి పీవీసీ గోడ ఒక్కటే రెండు మూడు మెగాహెర్ట్జ్‌లు లాగేస్తుంది. అందుకే కొలతలన్నీ పైపులో పెట్టాకే తీయాలి. పై కొసను అర సెంటీమీటరు చొప్పున కత్తిరించుకుంటూ పోయాం. సెంటీమీటరుకు సుమారు ఒకటిన్నర మెగాహెర్ట్జ్ పైకి జరుగుతుంది. 45.7 దగ్గర 145కు చేరింది.

బుధవారం రాత్రి. చోక్

ఈ యాంటెన్నాకు ప్రాణం చోక్‌లో ఉంది. చాలామంది చుట్ల సంఖ్య ఎక్కడో చూసి చుట్టేసి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత తిరిగొస్తోందో చెప్పే అంకె, 1కి ఎంత దగ్గరుంటే అంత మంచిది) బాగుంటే చాలనుకుని వదిలేస్తారు. ఇది మామూలు ఇండక్టరు కాదు. చుట్టుకూ చుట్టుకూ మధ్య ఉండే కెపాసిటెన్స్‌తో కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర గోడలా నిలబడుతుంది. ఆ గోడ 145 దగ్గర ఉంటేనే మనకు లాభం.

చూడటానికి విడిగా ఒక కాయిల్ చుట్టి, దాని బ్రెయిడ్‌ను మాత్రమే వీఎన్ఏ రెండు పోర్టుల మధ్య కలిపాను. 10 చుట్లకు సిగ్నల్ దారి మూసుకుపోయే లోయ 130లలో వచ్చింది. 8కి 160 దగ్గర. 9 చుట్లకు సరిగ్గా మన బ్యాండ్ మీద పడింది. చుట్ల మధ్య రెండు మిల్లీమీటర్లు సందు ఇచ్చినా లోయ పైకి జరిగింది. కాబట్టి చుట్లు ఒకదాన్నొకటి ఒరుసుకునేలా బిగించి, రెండు చివర్లా పైపుకు తొలిచిన రంధ్రాల్లోంచి కేబుల్ లోపలికి పంపాలి. 9 చుట్లకు దాదాపు 85 సెంటీమీటర్ల కేబుల్ పోతుంది, కోసేముందు అది లెక్కలో వేసుకోండి.

పరికరం లేనివాళ్లు చేసుకోగల పరీక్ష ఒకటుంది. తక్కువ పవర్‌తో ప్రెస్ చేసి ఉంచి, ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు ముల్లు చూస్తూ, చోక్ కింద కేబుల్‌ను ఇంకొకరు గుప్పిట్లో పట్టుకుని కిందికీ పైకీ జరపాలి. ముల్లు కదిలితే కరెంటు చోక్ దాటి కిందికి కారుతోందన్నమాట. మా 9 చుట్ల దగ్గర ముల్లు అణువంత కూడా కదల్లేదు. చిన్నవాడు నమ్మకం చాలక కేబుల్‌ను మెడకు చుట్టుకుని మరీ చూశాడు.

శనివారం. డాబా మీద

డాబా మీద జీఐ పైపుకు కట్టి నిలబెట్టాం. ఇనుప పైపు చోక్ కిందే ఆగిపోవాలి. యాంటెన్నా పక్కన ఇనుము నిలబడితే ఇంత శ్రమా వృథా. పైన మూత పెట్టి పీవీసీ సొల్యూషన్‌తో మూసేశాం. చోక్ దగ్గరి రంధ్రాలకు ఎంసీల్ పెట్టాం. పైపు అడుగు మాత్రం తెరిచే ఉంచాం, రాత్రి చలికి లోపల పట్టే చెమ్మ దిగిపోవాలి కదా.

యాంటెన్నా అడుగున కొలిస్తే 145 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 1.2, బ్యాండ్ రెండు అంచుల్లోనూ 1.5 లోపే. 1.5 అంటే తిరిగొచ్చే పవర్ 4 శాతం. దాన్ని 1.1 చేయడానికి ఇంకో వారం కూర్చోవడం దండగ.

అసలు పవర్ పోయేది ఫీడర్‌లో, అంటే రేడియో నుంచి యాంటెన్నాకు వెళ్లే కేబుల్‌లో. ఆర్‌జీ-58 ఈ ఫ్రీక్వెన్సీలో 100 మీటర్లకు దాదాపు 20 డెసిబెల్స్ మింగుతుంది. డాబా నుంచి కింది గదికి 15 మీటర్లు అనుకుంటే 3 డెసిబెల్స్. 5 వాట్లు పంపితే పైకి చేరేది రెండున్నరే. పైగా ఈ నష్టం మీటరును కూడా మభ్యపెడుతుంది. యాంటెన్నా దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 2 ఉన్నా, 3 డెసిబెల్స్ నష్టం ఉన్న కేబుల్ చివర గదిలో కొలిస్తే 1.4 అని చూపిస్తుంది. తిరిగొచ్చే సిగ్నల్ కూడా దారిలో అరిగిపోతుంది మరి. అందుకే చోక్ కింద కనెక్టరు పెట్టి, అక్కడి నుంచి గదిదాకా ఆర్‌జీ-213 అనే లావు కేబుల్ వేశాను. బరువు, ఖరీదు రెండూ ఎక్కువే అయినా నష్టం సగానికన్నా తక్కువ. యాంటెన్నాకు పెట్టే డబ్బు ఎంత తక్కువైనా ఫరవాలేదు, ఫీడర్ దగ్గర పిసినారితనం వద్దు.

సాయంత్రం భువనగిరిలో ఉన్న మిత్రుడిని పిలిచాను. మా ఉప్పల్ నుంచి దాదాపు 40 కిలోమీటర్లు. ఆయన దగ్గర యాగీ (ఒకే దిక్కుకు గురిపెట్టే యాంటెన్నా) ఉంది. అదే హ్యాండ్‌సెట్టు, అదే 5 వాట్లు. రబ్బరు యాంటెన్నాతో డాబా మీద నిలబడి పిలిస్తే ఆయనకు ఎవరో ఉన్నారని మాత్రమే తెలిసింది, మాట అందలేదు. ఫ్లవర్‌పాట్‌కు మార్చగానే, "అన్నా, ఇప్పుడు ఫుల్ కాపీ, వెనకాల కుక్క అరుపు కూడా వినపడుతోంది, ఓవర్" అన్నారు. కుర్రాళ్లకింకా లైసెన్సు రాలేదు కాబట్టి మైకు వాళ్లకివ్వలేదు. పక్కన నిలబడి రిపోర్టు లాగ్‌బుక్కులో రాశారు.

జూన్, తొలకరి

వాన ముగిశాక మళ్లీ కొలిచాను. పైపు తడిగా ఉన్నప్పుడు రెజొనెన్స్ కొంచెం కిందికి దిగింది, ఆరాక తిరిగి యథాస్థానానికి వచ్చింది. లోపలికి నీరు రాలేదనడానికి ఇదే గుర్తు. నీరు లోపలికొస్తే బ్రెయిడ్ అల్లిక దాన్ని వత్తిలా పీల్చుకుని మీటర్ల దూరం లాక్కుపోతుంది, ఆ కేబుల్ ఇక బాగుపడదు, దాన్నే మార్చేయాలి. ఉరుములు వినపడగానే కనెక్టరు ఊడదీసి కిటికీ బయట పెట్టడం ఈ ఇంట్లో నియమం.

రాత్రి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన మీదుగా వెళ్లింది. దాని డిజిపీటర్ (అందిన డేటా ప్యాకెట్లను మళ్లీ ప్రసారం చేసే హ్యామ్ పరికరం) 145.825 మీద ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో ప్యాకెట్లు డీకోడ్ అవుతుంటే కుర్రాళ్లు కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. కేంద్రం దిగంతం దగ్గర ఉన్నప్పుడు బాగా వచ్చాయి, సరిగ్గా నెత్తి మీదికి వచ్చినప్పుడు ఆగిపోయాయి. నిలువు యాంటెన్నా తన కొస వైపు దాదాపు ఏమీ ప్రసరించదు, ఏమీ వినదు. పాఠంలో గీసే ఆ డోనట్ బొమ్మను ఆకాశం మీద చూసినట్టయింది. కేంద్రం వేగం వల్ల వచ్చే డాప్లర్ మార్పుతో ఫ్రీక్వెన్సీ మూడున్నర కిలోహెర్ట్జ్ దాకా జరిగినా, ఎఫ్ఎం రిసీవర్ తట్టుకుంది.

జూన్ చివర. కోలీనియర్

ఇంకాస్త దూరం కావాలనే ఆశతో కోయాక్స్ కోలీనియర్ మొదలుపెట్టాను. సగం తరంగం కేబుల్ ముక్కలు వరసగా కలుపుతారు, ప్రతి అతుకు దగ్గరా ఒక ముక్క మధ్య తీగ పక్క ముక్క బ్రెయిడ్‌కు, దీని బ్రెయిడ్ దాని మధ్య తీగకు. లోపల సగం తరంగం నడిచేసరికి ఫేజ్ తలకిందులవుతుంది. అతుకు దగ్గర తీగలు మారిస్తే మళ్లీ నిటారవుతుంది. అలా బయటి ముఖాలన్నింటి మీదా కరెంటు ఒకే ఫేజ్‌లో నడిచి, ప్రసారం దిగంతం వైపు పోగవుతుంది.

ముక్క పొడవు ఇక్కడ లోపలి వేగాన్ని బట్టే. 145కు గాలిలో సగం తరంగం 103.4 సెంటీమీటర్లు, 0.66తో గుణిస్తే 68.2. ఫ్లవర్‌పాట్‌లో ఈ 0.66 ఎక్కడా పనికిరాలేదు, ఎందుకంటే అక్కడ లెక్కకొచ్చింది బయటి ముఖం. ఇక్కడ అదే ముఖ్యం. చిన్నవాడు మొదటి రోజు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు వాడే పూర్తి జవాబు చెప్పాడు.

నాలుగు ముక్కలు కలిపాం. సోల్డరింగ్ ఇక్కడ కష్టం. పాలిథీన్ 110 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. బ్రెయిడ్ మీద ఐరన్ ఎక్కువసేపు ఆనితే, మధ్య తీగ మెత్తబడిన ప్లాస్టిక్‌లోంచి పక్కకు జరిగి బ్రెయిడ్‌ను తాకుతుంది. ముందే బ్రెయిడ్‌కు తగరం పట్టించి, చల్లారనిచ్చి, తడిగుడ్డ చుట్టి, పెద్ద మొన ఉన్న ఐరన్‌తో రెండు సెకన్లలో అతికించాలి. ప్రతి అతుకు తర్వాత మల్టీమీటరుతో షార్ట్ లేదని చూశాకే తర్వాతి ముక్క.

ఫలితం సగం తృప్తి. భువనగిరి మిత్రుడు ఫ్లవర్‌పాట్ కన్నా కొంచెం ఎక్కువ ఉందన్నారు, కానీ ఎస్‌డబ్ల్యూఆర్ 2 కిందికి దిగలేదు. దీనికి అడుగున విడిగా మ్యాచింగ్, అంటే యాంటెన్నాను కేబుల్‌కు సరిపెట్టే ఏర్పాటు, కావాలి. ఇంకో కారణం మొదటి రోజు కొలతల్లోనే ఉంది. లోపల 68.2 సెంటీమీటర్లు సగం తరంగమే, కానీ బయట గాలిలో ఆ పొడవు సగం తరంగానికి మూడింట రెండు వంతులే. ముక్కలు దగ్గర దగ్గరగా పడతాయి కాబట్టి రావలసినంత గెయిన్ (దిగంతం వైపు సిగ్నల్ పెరుగుదల) రాదు. ఫోమ్ కేబుల్ అయితే 0.82తో ముక్క 84.8 అవుతుంది, గాలి లెక్కకు దగ్గరవుతుంది. మన టీవీ కేబుల్ ఫోమే, కానీ అల్యూమినియం బ్రెయిడ్‌కు సోల్డర్ పట్టదు. ఇత్తడి గొట్టాలతో క్రింప్ చేసి చూశాను. బల్ల మీద బాగానే ఉంది, ఎండావానల్లో అల్యూమినియానికీ ఇత్తడికీ మధ్య తుప్పు పట్టకుండా ఎంతకాలం ఆగుతుందనే నమ్మకం నాకు లేదు.

జూలై. 40 మీటర్ల మాట

పెద్దవాడు డబుల్ బజూకా కడదామన్నాడు, కోయాక్స్‌తో చేసే హెచ్ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) డైపోల్, అంటే మధ్యలో ఫీడర్ కలిపే రెండు చేతుల యాంటెన్నా. 7.1 మెగాహెర్ట్జ్‌కు డైపోల్ మొత్తం 20 మీటర్లు, అందులో మధ్య కోయాక్స్ భాగం 13.9. ఈ రెండు అంకెలూ మళ్లీ అవే రెండు వేగాలు: బయట డైపోల్ పూర్తి పొడవు, లోపల స్టబ్‌లు (కొస షార్ట్ చేసిన కేబుల్ ముక్కలు) 0.66 పొడవు. లెక్క అందంగా ఉంది కానీ నేను వద్దన్నాను. బజూకా బ్యాండ్ వెడల్పు పెంచుతుందని పేరు. ఆ పెరుగుదల కొద్దిది, అందులోనూ కొంత స్టబ్‌ల నష్టం వల్ల వచ్చేదే. మన 40 మీటర్ల బ్యాండ్ 7.0 నుంచి 7.2 దాకానే. మామూలు రాగి తీగ డైపోల్ దాన్ని సుఖంగా కప్పేస్తుంది, బరువు కూడా తక్కువ.

"కొనుక్కుంటే అయిపోయేదానికి ఇంత శ్రమ ఎందుకు సార్?" అని వాళ్ల స్నేహితుడొకడు అడిగాడు. భారతీ ప్రసాద్ గారి సంగతి చెప్పాను. 2004 డిసెంబరులో ఆవిడ హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున పోర్ట్ బ్లెయిర్ వెళ్లి వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో ప్రపంచమంతా మాట్లాడుతున్నారు. 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి, ఆ హ్యామ్ స్టేషనే అండమాన్ నుంచి బయటికి కబుర్లు చేర్చింది. అలాంటి రోజున షాపులు తెరిచి ఉండవు. దొరికిన కేబుల్ ముక్కను ఎక్కడ కోయాలో, బయటి కరెంటును ఎక్కడ ఆపాలో తెలిసిన చేతులు ఊరికి కొన్నయినా ఉండాలి.

ఇప్పటికి కుర్రాళ్లిద్దరి డాబాల మీద చెరో ఫ్లవర్‌పాట్ లేచింది. పెద్దవాడిది అచ్చం మా కొలతలే. చిన్నవాడికి 25 కాండ్యూట్ దొరక్క 20 పైపు మీద చుట్టాడు. 9 చుట్లతో చోక్ లోయ పైకి పోతే, ఒక్కో చుట్టు పెంచి, కొలిచి, తనే సరిచేసుకున్నాడు. నా కోలీనియర్‌కు రాగి బ్రెయిడ్, ఫోమ్ ఉన్న 50 ఓమ్‌ల సన్న కేబుల్ ఆర్డరు పెట్టాను. రాగానే ముందు 1 మీటరు ముక్క వీఎన్ఏ మీద పెట్టి దాని అసలు వేగం తేల్చాలి, ఆ తర్వాతే నాలుగు ముక్కలూ కోయడం.